ఉప్మా విడిగా

ఉదయం ఏడున్నర. విజయవాడ గవర్నర్‌పేటలో ఓ ఇరుకు టిఫిన్ హోటల్. కుర్చీ మీద ఆశ పెట్టుకోకండి, పెనం కనిపించేలా నాతోపాటు ఈ గోడవార నిలబడండి. బోర్డు చూశారా? పెసరట్టు 50, ఎమ్మెల్యే పెసరట్టు 90, ఉప్మా 40, హాఫ్ 20.

మన ముందు ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు. జేబులో చిల్లర తడుముకుని ఒకడన్నాడు: "బాబాయ్, ఒక పెసరట్టు. హాఫ్ ఉప్మా విడిగా."

గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన టోకెన్లు చింపుతూ కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఆయనకి తెలుసు. ఎమ్మెల్యే అంటే లోపల ఉప్మా పెట్టి మడిచిన పెసరట్టేగా; డెబ్బైలో పనైపోయింది, మిగిలిన ఇరవైకి ఇద్దరికీ టీ.

మాస్టర్ పెనం మీద నీళ్ళు చిలకరించి చీపురుతో ఊడ్చాడు. చుయ్‌మంది. గరిటెడు పచ్చటి పిండి గుండ్రంగా పరుచుకుంది. దోసెల పిండిలా ఇది పులిసేదాకా ఆగక్కర్లేదు. నానిన పెసలు, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి రుబ్బితే చాలు. పైన ఉల్లిముక్కలు, జీలకర్ర. అంచు లేచి ఎర్రబడుతోంది, వాసన మనదాకా వచ్చేసింది.

ప్లేటు అందగానే కుర్రాడు మడత విప్పి, ఉప్మా నడిమికి తోసి, చెంచా వెనకతో అదిమి, మళ్ళీ మడిచాడు. చూపుకి ఎమ్మెల్యేనే! అల్లం పచ్చడిలో అద్దుకుని నోటిదాకా తెచ్చేసరికి ఉప్మా సగం ప్లేటులోకి జారిపోయింది. పెనం మీదే పెట్టి మడిస్తే అట్టు వేడికి ఉప్మా అతుక్కుంటుంది. విడిగా తెచ్చుకున్నది అతిథిలా పైపైనే కూర్చుంటుంది.

అయినా నవ్వకండి. ఈ అట్టుకి ఆ పేరెలా వచ్చిందంటే హైదరాబాద్ ఎమ్మెల్యే క్వార్టర్స్ క్యాంటీన్ కథ చెబుతారు. అక్కడి సభ్యులు లోపల ఉప్మా పెట్టించుకుని తినేవారట. అదే నిజమైతే, ఇదీ ఒకప్పుడు తినేవాడి కోరికే. పేరు తర్వాత పడింది, రేటు ఆ తర్వాత.

రెండోవాడు ఇంకాస్త తెలివైనవాడు. అదే టోకెన్ తీసుకుని తిన్నగా పెనం దగ్గరికే వెళ్ళాడు.

"మాస్టారూ, ఆ ఉప్మా కాస్త అట్టులోనే పెట్టి మడిచేద్దురూ!"

మాస్టర్ గల్లా వైపు చూశాడు. పెద్దాయన తలెత్తలేదు.

"అలాగైతే ఇంకో ఇరవై ఇవ్వు నాన్నా."