పల్నాటి పొద్దుటి జొన్నకూడు

దుర్గి పరిసరాల్లో పుట్టి పెరిగి, ఉద్యోగాల పేరిట ఊళ్లు తిరిగి విశ్రాంతికి వచ్చిన మనవంటి వారు నలుగురు చేరితే, మాట పెన్షన్ మీదనుంచి మెల్లగా తిండి మీదికి మళ్లుతుంది. ఇడ్లీ, ఉప్మాల సంగతి కాదు. రాత్రి మిగిలిన జొన్న ముద్దను తెల్లవారి మజ్జిగలో పిసుక్కుని, ఉల్లిపాయో గోంగూర పచ్చడో నంజుకుని బడికి పోయిన సంగతి.

ఈ కూటి చరిత్ర పాతదే. పల్నాటి వీరచరిత్రను ద్విపదగా రచించిన శ్రీనాథుని పేరుతోనే, ఈ సీమ జొన్న తిండిని ఈసడించిన చాటువులు ప్రచారంలో ఉన్నాయి. రాజాస్థానాల్లో విందులు కుడిచిన కవికి అది శిక్షగా తోచి ఉండవచ్చు. ఆయన్నని ఏం లాభం, మన పిల్లలూ ఆ మాటే అన్నారు గదా!

వానలు తక్కువైన ఈ నేలలో, నల్లరేగడి దాచుకున్న తేమతోనే జొన్న పండేది. గింజ మనిషికి, చొప్ప పశువుకు. వరి అన్నం పండుగకో, చుట్టం వచ్చినప్పుడో. అయితే మనం తలచుకునేది తిన్న రుచిని మాత్రమే. జొన్నలు తడిపి, రోట్లో పోసి, పొట్టు ఊడేదాకా దంచి, చెరిగి, నూకా పిండీ వేరుచేసి, ఎసట్లో పోసి తెడ్డుతో కలియబెట్టడం ఆడవాళ్ల పని. తెల్లవారుజామున రోకలి చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి జొన్నకూడు తినాలని ఉందంటే మా అమ్మ, "తింటావులే, దంచేదెవరు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ కింద వరి వచ్చింది, మెట్టన పత్తి, మిరప పెరిగాయి. 1983లో రామారావుగారి ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకే ఇవ్వడంతో పేదింట్లోనూ వరి అన్నమే నిత్యభోజనమైంది. జొన్నకూడు మానెయ్యమని ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు. రోలు మూలబడింది, అంతే. చొప్ప తగ్గి కొట్టంలో ఎద్దులూ తగ్గాయి. ఆ లోటు గురించి మాట్లాడేవారు తక్కువ.

గుంటూరు ప్రాంతపు వరి మాగాణుల్లో కోతల తర్వాత నేటికీ జొన్న వేస్తున్నారు, కానీ అందులో చాలాభాగం దాణాకే పోతుంది. భారతదేశం ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఒకనాడు పేదతనానికి గుర్తని మనం దాచుకున్న తిండి ఇప్పుడు అందమైన పొట్లాల్లో, బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముడవుతోంది. షుగరు ఉన్న మిత్రులు కొందరు దాన్నే కొంటున్నారు.

మరపట్టిన జొన్నరవ్వ కిరాణాకొట్లో దొరుకుతోంది కనుక, ఇప్పుడు దంచే బాధ లేదు. రాత్రి కాస్త జారుగా వండి, ముద్దచేసి, మూతపెట్టి ఉంచండి. మజ్జిగ మాత్రం ఇంట్లో చిలికినదై ఉండాలి.