‘గెవేర్’ అసలు అర్థం
పాత జర్మన్ సైనిక తుపాకులు సేకరించేవారు ‘గెవేర్’ను ‘రైఫిల్’కు పర్యాయపదంగా వాడుతున్నా, ఆ రెండు మాటల పుట్టుకలు వేరు. గీకడమనే అర్థమున్న ఫ్రెంచి క్రియ ఇంగ్లీషులో చేరి, గుండు తిరుగుతూ వెళ్లేలా గొట్టం లోపల మెలికల గాడులు చెక్కడమనే అర్థం సంతరించుకొని ‘రైఫిల్’కు దారితీయగా, కాపాడుకోవడమనే అర్థమున్న జర్మన్ క్రియ ‘వేరెన్’కు సంబంధించిన ‘వేర్’ ముందు సమూహార్థక ‘గె’ చేరి ఏర్పడ్డ ‘గెవేర్’ పూర్వం ఆయుధం దేనికైనా చెల్లేది. అగ్నిమాపక దళాన్ని సూచించే ‘ఫోయర్‌వేర్’ దీనికి చుట్టమే. ఆ పాత అర్థం ‘జైటెన్‌గెవేర్’లో నిలిచి ఉంది, పక్క ఆయుధమని అర్థమిచ్చే ఆ మాట తుపాకి కొసన బిగించే బాయినెట్‌కు పేరు కనుక, అమ్మకపు జాబితాలో దాన్ని చూసి తుపాకి అనుకుంటే కొనేవారు మోసపోయినట్టే. 1898లో జర్మన్ సైన్యం స్వీకరించిన మౌజర్ రైఫిల్ పేరు ‘గెవేర్ 98’ కాగా, 1935 నాటి ‘కరబీనర్ 98కె’లోని చివరి అక్షరం పొట్టిదని తెలిపే ‘కుర్త్స్’కు సంక్షిప్తం. ఇలాంటి తుపాకులకు వెల కట్టేవారు పేరుతో ఆగక, గొట్టం మీదా బోల్టు మీదా కొట్టిన వరుస సంఖ్యలు కలుస్తున్నాయో లేదో చూస్తారు. కర్రభాగాన్ని గీకి వార్నిష్ పూసినందువల్ల తనిఖీ ముద్రలు చెరిగిపోతే, ఎంత మెరిసినా తుపాకి ధర తగ్గుతుంది.