నీలం తెర, పదహారు జీబీ పెన్‌డ్రైవ్

2024 జులై 19, శుక్రవారం. పొద్దున పది కావస్తోంది. నరసరావుపేటలో ఒక మేడ మీది గది. బయట ముసురు. మంచం మీద ల్యాప్‌టాప్, పక్కన చల్లారిపోతున్న టీ. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే అమ్మాయి మెయిల్ కొడుతోంది. సగం వాక్యంలో తెర నీలమైపోయింది. ఆరిపోయింది. దానంతటదే మళ్లీ వెలిగింది.

మళ్లీ నీలమే.

ఫోన్ టింగుమంది. ఆఫీసు గ్రూపులో ఒకడు: "నాదీ పోయింది." ఇంకొకడు: "నాదీ." మధ్యాహ్నానికి కింది నుంచి అమ్మ కేకేసింది. "ఏమేవ్, టీవీ చూడు! శంషాబాద్ విమానాశ్రయంలో టికెట్లు చేత్తో రాసిస్తున్నారంట!"

నిజమే. బోర్డింగ్ పాసులు పెన్నుతో రాస్తున్నారు.

ఆ పొద్దున 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ భద్రతా సంస్థ చిన్న అప్‌డేట్ ఒకటి వదిలింది. 21 అంశాలు చూడమని అందులో ఉంది. ప్రోగ్రామ్ చేతికి అందేవి 20. లేని ఇరవయ్యొకటోదాన్ని చదవబోయి విండోస్‌తో సహా కూలింది. 10:57కి ఆ ఫైలు వెనక్కి తీసుకున్నారు. అప్పటికే దాదాపు 85 లక్షల యంత్రాలు పడ్డాయి. దిద్దిన ఫైలు నెట్‌లో ఉంది, యంత్రమేమో నెట్ దాకా బతకడం లేదు. మరి దాన్ని లేపేదెలా?

వారాంతంలో మైక్రోసాఫ్ట్ ఓ దారి చూపింది. డిస్కులో ఉన్న విండోస్‌ని లేపకుండా, పెన్‌డ్రైవ్ నుంచి విన్‌పీఈ అనే బుల్లి విండోస్‌ని లేపి, దాంతో ఆ పాడు ఫైలు తీసేయించడం. ఆఫీసు సపోర్ట్ కుర్రాడు ఫోన్లో చెప్పాడు. "ఇంకో మంచి కంప్యూటర్ చూసుకోండి మేడమ్. పెన్‌డ్రైవ్ 32 జీబీకి మించకూడదు."

ఆమె దగ్గరున్నది 64.

బాబాయి షాపుకి పరుగు. తడిసిన గొడుగు గుమ్మంలోనే పడేసింది. డ్రాయర్లో పదహారు జీబీది దొరికింది. "అందులో కోటప్పకొండ తిరునాళ్ల వీడియోలున్నాయమ్మా. మన ప్రభ కట్టినప్పటివి." ఇది చెరిగిపోతుంది బాబాయ్ అంటే ఆయన మొహం మాడింది. ముందు వీడియోలన్నీ షాపు కంప్యూటర్లోకి ఎక్కించారు. ఒకటికి రెండుసార్లు తెరిచి చూసుకున్నారు. ఆ తర్వాతే పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఆమె మైక్రోసాఫ్ట్ ఇచ్చిన స్క్రిప్టు నడిపింది. అది నెట్ నుంచి సరంజామా దింపుకుంటూ, విప్పుకుంటూ, పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసి బూట్ ఫైళ్లు ఒక్కొక్కటే అందులోకి సర్దుకుంటూ పోతుంటే, కరెంటు పోకుండా ఉంటే చాలురా దేవుడా అని ఇద్దరూ గోడ మీది యూపీఎస్ లైటునీ తెర మీది గీతనీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డారు.

గీత నిండింది.

ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ గుచ్చింది. బూట్ మెనూలో యూఎస్‌బీ ఎంచింది. నల్ల తెర. తెల్ల అక్షరాలు. డిస్కుకి వేసిన బిట్‌లాకర్ తాళం అంకెలు కొట్టమంటోంది. సపోర్ట్ కుర్రాడికి మళ్లీ ఫోన్ చేసింది.

"రాసుకోండి మేడమ్. ఆరేసి అంకెలు, ఎనిమిది ముక్కలు." నలభై ఎనిమిదీ కాగితం మీద రాసుకుంది, కొట్టింది, ఎంటర్ నొక్కింది.

తప్పు.

ఇంకోసారి. తప్పే. అవతల ఇంకెంతమందో లైన్లో ఉన్నారు. "ఒక్క పని చేయండి. ఒక్కో ముక్కనీ పదకొండుతో భాగించి చూడండి. శేషం మిగిలితే అక్కడే తప్పు." ఫోన్ కాల్క్యులేటర్ తీసింది. నాలుగు ముక్కలూ శుభ్రంగా పోయాయి. అయిదోది మిగిలింది. తొందరలో రాసుకున్న ఏడు ఒకటిలా ఉంది!

మళ్లీ కొట్టింది. తాళం వీడింది. సీ-00000291తో మొదలయ్యే ఫైలు డిస్కులోంచి పోయింది. పెన్‌డ్రైవ్ లాగింది. యంత్రం ఆరింది. వెలిగింది.

నీలం రాలేదు. పాస్‌వర్డ్ అడిగింది.

అమ్మని పిలిచేలోపే ఫోన్ మోగింది. మాచర్లలో ఉండే టీమ్‌మేట్. "అక్కా, నీది లేచిందంట కదా? ఆ పెన్‌డ్రైవ్ పంపించవా?"

"బస్సుకిచ్చి పంపిస్తాలే. ఈలోగా నీ ల్యాప్‌టాప్ అంకెలు తెప్పించుకో. నావి నీకు పనికిరావు. ఏడుకి మధ్యలో గీత పెట్టుకుని రాయి."