డి.ఎన్.ఏ. పునరావృతాలు, నాడీ క్షీణత వ్యాధులు

డి.ఎన్.ఏ.లో కొన్ని అక్షరాల ముక్క వెంటవెంటనే మళ్లీ మళ్లీ వచ్చే చోటును పునరావృతం అంటారు. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషి మనిషికీ మారుతుంది, చాలావరకు దానివల్ల ఏ హానీ లేదు. కొన్ని జన్యువుల్లో మాత్రం ఆ లెక్క హద్దు దాటితే మెదడు, వెన్నుపాము కణాలు నెమ్మదిగా నశిస్తాయి.

తెలుగునాట ఈ అధ్యయనం రోగం కోసం మొదలు కాలేదు. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఎడిన్‌బరోలో ఉండగా కట్లపాము జాతి డి.ఎన్.ఏ.లో జి.ఎ.టి.ఎ. అనే నాలుగక్షరాల వరుసను పట్టుకున్నారు. 1987లో హైదరాబాద్ సి.సి.ఎం.బి.కి (కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి) వచ్చాక ఆయన దాన్నే డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిగా మలిచిన తీరు ప్రశంసనీయం. ఆ కృషికి కొనసాగింపుగా 1996లో అదే నగరంలో సి.డి.ఎఫ్.డి. (డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం) వెలసింది. నేరస్థులను గుర్తించడంతోపాటు వంశపారంపర్య వ్యాధుల జన్యు పరీక్షలు కూడా అక్కడ చేపట్టారు.

వ్యాధుల చరిత్ర వేరే దారిలో నడిచింది. అమెరికా వైద్యుడు జార్జ్ హంటింగ్టన్ 1872లో తన పేరే మిగిలిపోయిన, శరీర కదలికలు అదుపు తప్పే నాడీ వ్యాధిని వర్ణించారు. ఆపై వందేళ్లకు పైగా దాని కారణం తెలియలేదు. 1991లో లా స్పాడా, ఫిష్‌బెక్ అనే పరిశోధకుల బృందం మరో నాడీ వ్యాధి అయిన కెన్నడీ వ్యాధికి సి.ఎ.జి. అనే మూడక్షరాల వరుస సాగడమే మూలమని తేల్చింది. హంటింగ్టన్ జన్యువు నాలుగో క్రోమోజోముపై ఉందని 1983లోనే తెలిసింది. వెనిజులాలోని మరకైబో సరస్సు తీరాన ఈ వ్యాధి ఉన్న కుటుంబాల నెత్తుటి నమూనాలు, పరిశోధకురాలు నాన్సీ వెక్స్‌లర్ ఓపిక అందుకు ఎంతో తోడ్పడ్డాయి. 1993లో జన్యువే చిక్కింది. ఈ జన్యువులోనూ అదే సి.ఎ.జి. వరుస 26 సార్ల దాకా ఉంటే మామూలు, 36 నుంచి 39 దాకా ఉంటే రోగం రావచ్చు, రాకపోవచ్చు. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే మామూలు ఆయుష్షున్నవారికి రోగం తప్పదనే చెప్పాలి. తండ్రి నుంచి సంక్రమించేటప్పుడు వరుస పెరగడం ఎక్కువ. అందుకే కొన్ని ఇళ్లలో తండ్రికంటే బిడ్డకు చిన్న వయసులోనే లక్షణాలు కనిపిస్తాయి.

ఇలాంటి పునరావృతాల వల్లే వచ్చే, నడక తూలే కొన్ని అటాక్సియాల విషయంలో భారతీయుల వాటా చిన్నది కాదు. బొంబాయిలో వాడియా, స్వామి 1971లోనే కంటి కదలికలు మందగించే రకాన్ని తొమ్మిది కుటుంబాల్లో వర్ణించారు. తర్వాత ఇది రెండో రకం అటాక్సియాగా తేలింది, దాని జన్యువు 1996లో దొరికింది. పన్నెండో రకం 1999లో బయటపడింది. ప్రపంచంలో అరుదైన ఆ రకం ఉత్తరాది అగర్వాల్ కుటుంబాల్లో ఎక్కువగా కనిపించింది.

మేనరికం మాట ఇక్కడ తప్పనిసరి. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం అందితేనే వచ్చే ఫ్రీడ్రీక్ అటాక్సియా లాంటి వాటిలో రక్తసంబంధం ముప్పును పెంచుతుంది. ఒక్కరి నుంచి లోపం అందినా వచ్చే హంటింగ్టన్‌కు మేనరికాన్ని తప్పుపట్టడం సరికాదు.

2011లో కండరాలను నడిపే నాడీకణాలు నశించే ఎ.ఎల్.ఎస్.కూ, ఒక రకం డిమెన్షియాకూ సి9ఓఆర్ఎఫ్72 జన్యువులోని ఆరక్షరాల వరుస సాగడం కారణం కాగలదని తెలిసింది. ఫ్రీడ్రీక్ అటాక్సియాకు 2023లో అమెరికా తొలిసారి ఒక మందుకు అనుమతి ఇచ్చింది. దాని పేరు ఒమావెలాక్సోలోన్.