సవరము కథ

“జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెట్టును” అని సామెత. మరి జుట్టు చాలని అమ్మ ఏమి చేయవలెను? ఆమె కొరకు పుట్టినదే సవరము. పెట్టుడు జుట్టును ధరించుట నేటి నాగరికత తెచ్చిన వింత కాదు. దాని వెనుక వేల యేండ్ల చరిత్ర కలదు.

వికారాబాదు, తాండూరు పట్టణములు రెండును 1874లో ప్రారంభమైన సికిందరాబాదు–వాడి రైలు మార్గముపై నున్నవి. మొదటిది అనంతగిరి కొండలకును, రెండవది బండలకు, కందులకును పేరు పొందినవి. తెలంగాణములో అనేక పల్లెలలో వలెనే ఈ ప్రాంతమునను స్త్రీలు దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను పారవేయక, ఉండగా చుట్టి ఇంటి చూరులోనో, గోడ సందులోనో దోపి ఉంచెడి అలవాటు కలదు. “ఎంటికలకు గిన్నెలు” అని కేక వేయుచు బుట్టవాడు వచ్చును. కొన్ని నెలలు కూడబెట్టిన ఉండను అతనికిచ్చి, బదులుగా ఒక చిన్న గిన్నెయో, నాలుగు పిన్నులో పుచ్చుకొందురు. పట్టణపు బజారులో సవరము కొనబోయినచో మాత్రము వెల వందలలోను, వేలలోను పలుకును. చూరులోని ఉండకును, అంగడిలోని సవరమునకును ఇంత తేడా ఎట్లు వచ్చినది? దీనికి సమాధానము కొంత చరిత్రలోను, కొంత వెంట్రుక నిర్మాణములోను ఉన్నది.

పేరు, వాడుక

సవరము అను మాట సంస్కృతములోని ‘చమరము’ నుండి వచ్చినది. చమరీమృగపు తోకవెంట్రుకలతో వింజామరలు కట్టుట అందరు నెరిగినదే. ఆ మృగము పేరే పెట్టుడు జుట్టునకును పేరైనది. మన సవరము సామాన్యముగా మూడు పాయలుగా నుండును. పాయల మొదళ్ళను ఒకచోట దారముతో బిగించి కట్టుదురు. దానిని సొంత జుట్టుతో కలిపి అల్లినచో చిన్న జడ పెద్ద జడ యగును. పెండ్లికూతురి పూలజడకును, జడకుప్పెలకును ఆధారము తరచుగా ఇదియే. కూచిపూడి భామాకలాపములో సత్యభామకు జడయే ఒక గొప్ప అలంకారము. స్త్రీపాత్రలను పురుషులే ధరించిన కాలములో సవరము లేనిదే ఆ వేషము నిలువదు. తెలుగు రంగస్థలముపై స్థానం నరసింహారావు సత్యభామగా ప్రఖ్యాతి గాంచినవాడు.

ప్రాచీన కాలపు వ్యాపారము

ప్రాచీన ఈజిప్టు సమాధులలో మనుష్యుల వెంట్రుకలతో చేసి, తేనెమైనముతో అతికిన కృత్రిమ శిరోజములు దొరకినవి. వాని వయస్సు మూడువేల యేండ్లకు పైమాటయే. రోము నగరపు ధనిక స్త్రీలు జర్మను జాతులవారి పసుపువన్నె జుట్టును కోరెడివారు. అంతకంటె మనకు ఆసక్తి కలిగించు విషయ మొకటి కలదు. క్రీ.శ. 176–180 నడుమ, మార్కస్ ఆరీలియస్, కొమ్మోడస్ చక్రవర్తుల కాలమున, తూర్పు దేశముల నుండి వచ్చు సరకులలో వేనిపై సుంకము విధింపవలెనో తెలుపు జాబితా తయారైనది. మిరియములు, ముత్యములు, పట్టు మున్నగు వానితోపాటు ‘భారతీయుల వెంట్రుకలు’ అను పేరు అందులో స్పష్టముగా కనిపించును. అనగా మన దేశపు జుట్టు పద్దెనిమిది వందల యేండ్లకు పూర్వమే సముద్రములు దాటి, సుంకము చెల్లించిన సరకు.

వెంట్రుక నిర్మాణము

వెంట్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో నేర్పడినది. దాని పై పొరను సూక్ష్మదర్శినిలో చూచినచో ఇంటికప్పుపై పెంకుల వలె ఒకదానిపై నొకటి కప్పుకొనియున్న పొలుసులు కనిపించును. ఈ పొలుసుల అంచులు ఎల్లప్పుడును కొన వైపునకే తిరిగియుండును. అందుచేతనే వెంట్రుకను మొదటి నుండి కొనకు నిమిరినప్పుడు నునుపుగాను, కొన నుండి మొదటికి నిమిరినప్పుడు గరుకుగాను తోచును.

సవరపు వెలలోని మొదటి రహస్య మిదియే. వెంట్రుకలన్నియు ఒకే దిక్కుగా, మొదళ్ళు ఒకవైపు, కొనలు ఒకవైపు ఉన్నచో పొలుసులు ఒకదాని కొకటి అడ్డురావు. కొన్ని వెంట్రుకలు తలక్రిందులైనచో ఎదురెదురు పొలుసులు కొక్కెములవలె పట్టుకొనును. అదియే చిక్కు.

రెండవ రహస్యము కాలము. వెంట్రుక నెలకు సుమారు అర అంగుళము పెరుగును. ఒక్కొక్క వెంట్రుక రెండు మొదలు ఆరేండ్ల వరకు పెరిగి, పిదప రాలిపోవును. ముప్పదియొక్క అంగుళముల వెంట్రుక కావలెనన్నచో అయిదేండ్లకు పైగా పట్టును. అంత పొడవు అందరి తలలకును సాధ్యము కాదు. డబ్బున్నంత మాత్రమున ఆ కాలమును తగ్గించుటకును వీలులేదు.

తలనీలాలు, చిక్కు వెంట్రుకలు

మన దేశములో వెంట్రుకలు రెండు త్రోవల వచ్చును. మొదటిది దేవాలయములలో సమర్పించు తలనీలాలు. తిరుమల కళ్యాణకట్టలో నిత్యము వేలకొలది భక్తులు మొక్కు చెల్లింతురు. అక్కడ జుట్టును ముడివేసి మొదలంటా తీయుటచే పొడవైన వెంట్రుకల దిక్కు చెడదు. రెండవది బుట్టవాడు కొను చిక్కు వెంట్రుకలు. మనిషి తల నుండి దినమునకు ఏబది మొదలు నూరు వెంట్రుకలు సహజముగా రాలును. దువ్వెనకు చేరిన వీనికి మొదలేదో, కొన యేదో తెలియదు.

ఈ ఉండలను విడదీయుట మిక్కిలి ఓపికతో కూడిన పని. కర్ణాటకములో కొప్పళము చెంతనున్న భాగ్యనగరము ఇట్టి పనికి పెద్ద కేంద్రము. స్త్రీలు గంటల తరబడి కూర్చుండి, చేతివ్రేళ్ళతోను, సూదులతోను చిక్కు విప్పి, ముళ్ళుగల పలకలపై దువ్వి, పొడవును బట్టి వేరు చేయుదురు. తరువాత కార్ఖానాలలో ఈ వెంట్రుకలను ఆమ్లములో ముంచి పొలుసులను కరిగించి, సిలికోను పూత పూయుదురు. పూత ఉన్నంతకాలము అది పట్టువలె మెరయును. కొన్నిమార్లు తలంటుకొన్న పిదప పూత పోయి, జుట్టు కాంతి తప్పి చిక్కుపడును. చవుక సవరము త్వరగా చెడుటకు కారణ మిదియే.

వేలములో వెల

1960 దశకములో ఐరోపా, అమెరికాలలో కృత్రిమ శిరోజముల మోజు విపరీతముగా పెరిగినది. ఆ దశకపు మధ్యభాగమున అమెరికా ప్రభుత్వము చైనా నుండి వచ్చు వెంట్రుకలను నిషేధించుటతో మన దేశపు సరకునకు గిరాకి హెచ్చినది. 2004లో జెరూసలేములోని యూదు మతగురువులు దేవాలయములలో సమర్పించిన జుట్టు తమవారు వాడరాదని తీర్పు చెప్పగా, వ్యాపారము కొంతకాలము తడబడినది.

తిరుమల తిరుపతి దేవస్థానము 2011 నుండి తలనీలాలను అంతర్జాలము ద్వారా వేలము వేయుచున్నది. 2018 ప్రాంతమున ఆ వేలములలో కిలో ఒక్కింటికి ప్రకటించిన ధరలు గమనింపదగినవి. 31 అంగుళములు, ఆపైన నున్న మొదటి రకము రూ. 22,494. 16 నుండి 30 అంగుళముల రెండవ రకము రూ. 17,223. 10 నుండి 15 అంగుళముల మూడవ రకము రూ. 2,833. 5 నుండి 9 అంగుళముల నాలుగవ రకము రూ. 1,195. అయిదు అంగుళములకు లోబడినది రూ. 24 మాత్రమే. ఒకే తలపై పెరిగిన వస్తువునకు, పొడవు మారినంతనే వెల తొమ్మిదివందల రెట్లకు పైగా మారుచున్నది! పొట్టి వెంట్రుకలును వ్యర్థము కావు. వానినుండి అమైనో ఆమ్లములు తీయుదురు. తెల్ల వెంట్రుకలకు అదే వేలములో రూ. 5,462 నిర్ణయమైనది.

నేటి రకములు

నేడు పట్టణములలో ‘హెయిర్ ఎక్స్‌టెన్షన్’ అను పేరుతో సవరమే కొత్త రూపములు దాల్చినది. క్లిప్పులతో తగిలించి రాత్రి తీసివేయునవి కొన్ని, జిగురు పట్టీతో అతికించునవి కొన్ని. సొంత జుట్టును సన్నని జడగా అల్లి దానికి కుట్టునవి, కెరటిను జిగురుతో పాయపాయగా అంటించునవి, చిన్న ఉంగరములతో బిగించునవి మరికొన్ని. ప్లాస్టికు దారములతో చేసినవి అన్నిటికంటె చవుక. ఒకే దిక్కున అమర్చిన అసలు వెంట్రుకలవి అన్నిటికంటె ప్రియము. పాయపాయగా అంటించు రకములకు సరకు వెలతో పాటు గంటలకొలది పనికి కూలియును చేరును.

కొనువారు అసలు, నకిలీ తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. ఒక్క వెంట్రుకను తీసి జాగ్రత్తగా నిప్పు చూపవలెను. మనుష్యుల వెంట్రుకయైనచో ఈక కాలిన వాసనతో బూడిదయై, వ్రేళ్ళతో నలిపిన పొడియగును. కృత్రిమ దారమైనచో కరగి గట్టి పూసవలె నిలుచును.

బరువైన సవరమును అదేపనిగా బిగించి కట్టినచో కుదుళ్ళు లాగబడి, నుదుటి అంచునను, చెవులపైనను జుట్టు శాశ్వతముగా ఊడవచ్చును. గ్రీన్‌లాండు స్త్రీలు జుట్టును నడినెత్తిన బిగించి కట్టుటచే కలిగిన ఇట్టి నష్టమును 1907లో ఒక వైద్యుడు వర్ణించియున్నాడు. నొప్పి పుట్టునంత బిగువు పనికిరాదు. రాత్రివేళ సవరమును తీసివేయు మన పెద్దల అలవాటు శాస్త్రసమ్మతమే.

చూరులోని ఉండ

ముడి వెంట్రుకలు తక్కువ వెలకు పరదేశములకు పోవుటచే ఇక్కడి కార్ఖానాలకు సరకు కరవగుచున్నదని మొర పుట్టగా, 2022 జనవరిలో భారత ప్రభుత్వము వాని ఎగుమతిపై ఆంక్షలు విధించినది. పనివారికి పని నిలుచుటకు అది సాయపడవచ్చును. కాని ఈ గొలుసునకు మొదటి కొస పల్లెలోని చూరులో ఉన్నది. అక్కడి ఇల్లాలికి వెంట్రుకల తూకమును చెప్పువారు లేరు, వెలను చెప్పువారును లేరు. బుట్టవాడును ధనికుడు కాడు. ఊరూరు తిరిగి కాళ్ళరిగిన పేదవాడే. పొలుసుల దిక్కు, పొడవు, చిక్కు విప్పు చేతుల శ్రమ, ఈ మూడింటి వెలయే సవరపు వెల. అంగడిలో సవరము బేరమాడు వారు ఈ మూడింటిని గుర్తుంచుకొనుట మంచిది. ఉండను చుట్టి పెట్టు ఇల్లాలును, గిన్నె పుచ్చుకొనుటకు ముందు, దానిని ఒకమారు తూచి చూడవచ్చును.