ప్రతిజ్ఞ వెనుక ఉన్న షరతు

తెలుగువాళ్ల తొలి మూకీగా చెప్పుకునే 'భీష్మప్రతిజ్ఞ' 1921 నాటిది. రఘుపతి వెంకయ్య కుమారుడు ప్రకాష్ మద్రాసులో దాన్ని తీసి, భీష్ముడిగా తానే నటించాడు. గంగ వేషం పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్ల యువతి వేసింది. సంసార స్త్రీ తెరకెక్కడం అప్రతిష్ఠ అనుకున్న సమాజం దేవత వేషాన్ని తెల్లజాతి స్త్రీకి వదిలేసింది.

ఆ చిత్రం నేడు దొరకదు. పేరు మిగిలింది. నా చర్చకు ఆ పేరు చాలు. ఎందుకంటే ఈ కథకు మూలం ప్రతిజ్ఞ కాదు, షరతు. తన కూతురి బిడ్డకే సింహాసనం దక్కాలన్నవాడు చేపలు పట్టే దాశరాజు. ఏలికల మాటను నమ్మలేని శ్రామికుడి జాగ్రత్త అది. పురాణం దాన్ని పక్కకు నెట్టి, రాజకుమారుడి త్యాగానికి పట్టం కట్టింది.

సత్యవతి రాణి కావాలంటే ముందు ఆమె ఒంటి చేపల కంపు పోవాలి. పుట్టుకకు ఒక క్షత్రియ తండ్రి దొరకాలి. కథ ఈ రెండింటినీ సమకూర్చింది. మా నెల్లూరు తీరంలో, మైపాడు, జువ్వలదిన్నె వంటి పల్లెల్లో ఆ వాసన బతుకుతెరువు. దాన్ని పోగొట్టడం వరమని చెప్పే కథను మనం భక్తితో వింటున్నాం!

అయినా కురువంశం నిలిచింది ఆ పల్లెపడుచు కన్న వ్యాసుడి వల్లే. ధృతరాష్ట్రుడు, పాండురాజు అతని బిడ్డలే. కులాన్ని సూటిగా ప్రశ్నించిన 'మాలపిల్ల' 1938లో గాని రాలేదు. భీష్ముణ్ణి పొగిడే నోరు దాశరాజు ఏమడిగాడో, ఎందుకడిగాడో కూడా చెప్పాలి. అభ్యుదయ విమర్శకు అది కనీస బాధ్యత.