నిఖత్ మనకు తెలుసు, మరి హుసాముద్దీన్?

ఈ ఎపిసోడ్ మన నిజామాబాద్ గురించే. కానీ మొదలు మాత్రం అమెరికాలో పెడుతున్నా. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, మళ్లీ ఇందూరుకే వస్తాం.

అమెరికన్ ఫుట్‌బాల్ మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. హెల్మెట్లు, భుజాల మీద ప్యాడ్లు, కోడిగుడ్డులాంటి బంతి. ఆ ఆటలో లాంగ్ స్నాపర్ అని ఒక ఉద్యోగం ఉంది. ఉద్యోగం అనే అంటున్నా, ఎందుకంటే అతను మ్యాచ్ మొత్తంలో చేసేది ఒకటే పని. నడుం వంచి, తల కిందికి పెట్టి, రెండు కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి విసరాలి. వెనక ఏడెనిమిది గజాల దూరంలో ఇంకొకడు మోకాలి మీద కూర్చొని దాన్ని అందుకుని నేల మీద నిలబెడతాడు, మూడోవాడు వచ్చి తన్నుతాడు. గోల్ పడితే టీవీలో తన్నినవాడి పేరు వస్తుంది. స్నాపర్ పేరు రాదు. అతని పేరు వచ్చిందంటే ఏదో తప్పు జరిగిందని అర్థం.

ట్రే జంకిన్ అని ఒకాయన ఈ పనితో 19 సీజన్లు ఆడాడు. రిటైర్ అయి ఇంట్లో ఉన్నాడు. న్యూయార్క్ జెయింట్స్ టీమ్‌కు స్నాపర్ కరువై, మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందు పిలిచారు. 2003 జనవరి 5న శాన్‌ఫ్రాన్సిస్కోలో మ్యాచ్. ఒక దశలో 38-14తో ముందున్న జెయింట్స్, చివరికి 39-38తో వెనకబడ్డారు. ఆరు సెకన్లు మిగిలి ఉండగా గోల్ కొడితే గెలుపు. జంకిన్ విసిరిన బంతి కిందికి పోయింది. అంతే, మ్యాచ్ పోయింది. ఆ ఆఖరి ఆటలో రిఫరీలు కూడా పొరపాటు చేశారని లీగ్ తర్వాత ఒప్పుకుంది, అయినా మ్యాచ్ మళ్లీ ఆడించరు కదా. 19 ఏళ్లు సరిగ్గా విసిరిన బంతులన్నీ పోయాయి, ఆ ఒక్కటి మిగిలింది. ఇప్పటికీ జంకిన్ అంటే అదే గుర్తు చేస్తారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన దగ్గర ఆ ఆట లేదు, ఆ ఉద్యోగమూ లేదు. కానీ అలాంటి మనుషులు ఉన్నారు. ఏళ్ల తరబడి పని సరిగ్గా చేస్తారు, పేరు మాత్రం ఇంకొకరికి వస్తుంది. నిజామాబాద్ బాక్సింగ్‌లో నాకు అలా కనిపించేవాళ్లు ఇద్దరు. ఒకే ఇంటివాళ్లు, తండ్రీ కొడుకు.

తండ్రి షంసముద్దీన్ గారు, కోచ్. ఇందూరులో పిల్లలకు బాక్సింగ్ నేర్పించారు. నిఖత్ జరీన్ మొదట పరుగు పందేల పిల్ల. గ్రౌండ్‌లో అబ్బాయిలు మాత్రమే బాక్సింగ్ చేయడం చూసి, అమ్మాయిలు ఎందుకు చేయరని వాళ్ల నాన్న జమీల్ అహ్మద్ గారిని అడిగింది. ఆయన కొన్నేళ్లు సౌదీలో పనిచేసి తిరిగొచ్చిన మనిషి. అమ్మాయిలకు అంత బలం ఉండదని జనం అనుకుంటారని చెప్పారు. ఆ మాటతోనే పిల్లకు పట్టుదల పుట్టింది. అలా షంసముద్దీన్ గారి దగ్గర చేరింది. అక్కడ ఇంకో అమ్మాయి లేదు, అబ్బాయిలతోనే కొట్టుకోవాలి. ముక్కులోంచి రక్తం, కమిలిన కన్నుతో ఇంటికొస్తే వాళ్లమ్మ ఏడ్చిందట. ఇలాంటి పిల్లను పెళ్లెవరు చేసుకుంటారని ఆమె బెంగ. మన ఇళ్లల్లో ఈ మాట విననివాళ్లు ఎవరైనా ఉన్నారా?

2009లో నిఖత్ విశాఖపట్నం సాయ్ సెంటర్‌కు వెళ్లింది, ద్రోణాచార్య అవార్డు పొందిన ఐ.వి. రావు గారి దగ్గరికి. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. తర్వాతి కథ మీకు తెలుసు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిత్‌పాంగ్ జుతామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ టైటిల్, 2023 మార్చిలో ఢిల్లీలో రెండోది. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. మొదటి బంతి వెనక్కి విసిరిన చెయ్యి షంసముద్దీన్ గారిది. నిఖత్ ఎక్కిన విమానాల్లో ఆయన లేరు. చిన్న ఊరి కోచ్ పని అంతే. పిల్ల బాగా ఆడిందంటే ఇంకో ఊరికి, ఇంకో గురువు దగ్గరికి పోతుంది. పోవాలి కూడా, పోకపోతే ఎదగదు.

ఇక కొడుకు మహ్మద్ హుసాముద్దీన్. 1994లో పుట్టాడు, అంటే నిఖత్ కంటే రెండేళ్లు పెద్ద. తండ్రి దగ్గరే నేర్చుకుని, ఆర్మీలో చేరి, సర్వీసెస్ తరఫున ఆడాడు. ఆర్మీ అంటే ఎందుకో కొంచెం చెప్పాలి, సిటీలో పెరిగినవాళ్లకు ఇది తట్టకపోవచ్చు.

మన జిల్లాలో పదేళ్ల జీతం అనేది చిన్న మాట కాదు. నిజాంసాగర్ నీళ్లతో చెరుకు పండింది, ఆ చెరుకు కోసం 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని మన తాతలు గర్వంగా చెప్పుకునేవాళ్లు. 2002లో అది ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో పని ఆగిపోయింది. ఫ్యాక్టరీలో పనివాళ్ల పిల్లలకు, చుట్టూ ఊళ్లవాళ్లకు మిగిలిన దారులేంటి? దుబాయ్, సౌదీ, లేకపోతే సర్కారు నౌకరీ. మన దగ్గర ఆట ఆడే పిల్లగాడిని చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న మెడల్ వచ్చిందా అని కాదు, దీంతో నౌకరీ వస్తదా అని. ఆర్మీ, రైల్వే, పోలీస్ స్పోర్ట్స్ కోటా అన్నది ఆ ప్రశ్నకు జవాబు. అమెరికాలో స్నాపర్‌కు కాంట్రాక్టు ఎంతో, మనవాడికి ఆర్మీ జీతం అంత. అది ఉంటేనే రేపు పొద్దున కూడా గ్లవ్స్ వేసుకోవచ్చు.

హుసాముద్దీన్ రికార్డు చూడండి. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 56 కిలోల్లో సెమీస్‌కు వచ్చి, ఇంగ్లండ్ బాక్సర్ పీటర్ మెక్‌గ్రెయిల్ చేతిలో ఓడి కాంస్యం. 2022 బర్మింగ్‌హామ్‌లో 57 కిలోల్లో మళ్లీ సెమీస్. క్వార్టర్ ఫైనల్లో ఓడించింది నమీబియా బాక్సర్‌ను, అతని పేరు ట్రయగైన్ మార్నింగ్ ఎన్‌దెవెలో. నిజంగానే పేరు అది, నేను పెట్టింది కాదు. సెమీస్‌లో ఘనా బాక్సర్ జోసెఫ్ కామీ చేతిలో 1-4తో ఓటమి, మళ్లీ కాంస్యం. అది ఆగస్టు 6. మరుసటి రోజే, అదే బర్మింగ్‌హామ్‌లో నిఖత్ స్వర్ణం గెలిచింది. ఒకే ఊరు, ఒకే గురువు, ఒక్క రోజు తేడా. మన స్టేటస్‌లలో ఏ ఫొటో తిరిగిందో మీకే తెలుసు. తప్పు పట్టడం లేదు, స్వర్ణం స్వర్ణమే. నేనూ అదే పెట్టుకున్నా.

తర్వాత 2023 మే, తాష్కెంట్, పురుషుల ప్రపంచ చాంపియన్‌షిప్. నా లెక్కలో హుసాముద్దీన్ కెరీర్‌లో అన్నిటికంటే పెద్ద రోజు మే 10. క్వార్టర్ ఫైనల్లో బల్గేరియా బాక్సర్ హవియెర్ ఇబానెజ్ మీద గెలిచాడు. స్కోర్ 4-3. జడ్జిలు ఐదుగురే కదా, ఏడు ఎలా వచ్చింది అనుకుంటున్నారా? మరీ దగ్గరి బౌట్ అయితే రివ్యూకి పోతుంది, అప్పుడు ఇంకో ఇద్దరు అధికారుల మార్కులు కలుస్తాయి. అంత సన్నని గీత మీద గెలిచాడన్నమాట. బాక్సింగ్‌లో సెమీస్‌కు చేరితే చాలు, కనీసం కాంస్యం ఖాయం. ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు, మూడో స్థానానికి విడిగా పోటీ ఉండదు.

సెమీస్ మే 12న, క్యూబా బాక్సర్ సైదెల్ హోర్టాతో. ఆ బౌట్ జరగలేదు. మోకాలికి గాయమై హుసాముద్దీన్ రింగులోకి దిగలేకపోయాడు. ఆ టోర్నీలో దీపక్ భోరియా, నిశాంత్ దేవ్‌లతో కలిపి మనకు మూడు కాంస్యాలు. పురుషుల ప్రపంచ పోటీల్లో అంతకుముందు మనకు ఒకేసారి మూడు మెడల్స్ ఎప్పుడూ రాలేదు. అందులో ఒకటి ఇందూరుది.

జంకిన్‌ను విసిరిన బంతితో గుర్తుపెట్టుకున్నారు. మనవాడిని గుర్తుపెట్టుకునేవాళ్లేమో ఆడని బౌట్‌తో గుర్తుపెట్టుకున్నారు, పాపం మోకాలు అనుకుంటూ. నాకు ఇది నచ్చదు. మోకాలు నొప్పి ఒక్క రోజు కథ. దానికి ముందు ఆ సెమీస్ దాకా తీసుకొచ్చిన గెలుపులు ఉన్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు.

ఆ గాయంతో ఆ ఏడాది ఆసియా క్రీడలు పోయాయి. 2024 జనవరి 9న రాష్ట్రపతి భవన్‌లో అర్జున అవార్డు అందుకున్నాడు. మార్చిలో ఇటలీలోని బుస్తో అర్సిజియోలో ఒలింపిక్ క్వాలిఫయర్. అక్కడ ఎదురుపడింది ఐర్లండ్ బాక్సర్ జూడ్ గల్లఘర్, బర్మింగ్‌హామ్‌లో ఇదే బరువులో స్వర్ణం గెలిచినవాడు. హుసాముద్దీన్ ఓడిపోయాడు, పారిస్ దారి అక్కడితో మూసుకుపోయింది.

నిఖత్ పారిస్‌కు వెళ్లింది. ప్రిక్వార్టర్స్‌లో చైనా బాక్సర్ వు యూ చేతిలో ఓడి కన్నీళ్లు పెట్టుకుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో తెలంగాణ పోలీస్‌లో డీఎస్పీగా చేరింది. నౌకరీ వస్తదా అని అడిగిన చుట్టాలందరికీ జవాబు దొరికింది. ఆమెకు ఇవ్వాల్సిందే, ఇందులో రెండో మాట లేదు. కానీ మీ ఊళ్లో పొద్దున్నే గ్రౌండ్‌కు పోయే ఆ పదమూడేళ్ల పిల్లకు గ్లవ్స్ ఎట్ల కట్టుకోవాలో చూపించే కోచ్ పేరు మీకు తెలుసా? తెలిస్తే కామెంట్‌లో ఊరి పేరుతో సహా రాయండి, చదువుతా.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గురించి ఈ రోజు నాలుగు ముక్కలే చెప్పా, దానికి ఒక ఎపిసోడ్ మొత్తం కావాలి. వచ్చే వారం అదే. ఉంటా మరి.